పావు మిల్లీమీటరు పొర కోసం 130 కిలోమీటర్లు

"అవ్వా, గదువ గీడ పెట్టు. నొసలు ముంగటికి ఆనియ్యి. రెప్ప కొట్టకు."

కిటికీకి దుప్పటి గుడ్డ కట్టి చీకటి చేసిన గది. ఇంటర్ చదివి, ఏడాదిపాటు కళ్ల పరీక్షలో శిక్షణ పొందిన ఆ ఊరి పిల్లే బల్లకు ఇవతల కూర్చుంది. అవతల కూర్చున్న అవ్వకు డెబ్బై ఉంటాయి. తలమీది కొంగు తీయమంటే ముందు ఒప్పుకోలేదు. చివరికి చెవుల వెనక్కి నెట్టుకుని గడ్డం ఆనించింది. మీట తిప్పగానే సన్నటి వెలుగు చీలిక ఒకటి ఆమె నల్లగుడ్డు మీద పడింది. "గింత ఎల్తురేంది బిడ్డా!" అని అవ్వ మొహం వెనక్కి తీసుకోబోయింది. పిల్ల నవ్వుతూ నుదురు పట్టుకుని మళ్లీ ఆనించింది. పక్కన నిలబడి చూస్తున్న నన్నూ ఒకసారి చూడమంది. కంటి ముందు భాగం అద్దం ముక్కను నిలువునా కోసినట్టు కనిపించింది. ముందు కార్నియా వంపు, దాని వెనక చీకటి ఖాళీ, ఆ వెనక లెన్సు. లెన్సులో తేనె రంగు మబ్బు. శుక్లం. ఇక్కడివాళ్లు మోతిబిందు అంటారు.

నాగర్‌కర్నూలు చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటి చీకటి గదులు కొత్తేమీ కాదు. బతికున్న మనిషి దేహంలోకి కత్తి పెట్టకుండా వెలుగుతోనే తొంగిచూసే పని ఇక్కడ జరుగుతోంది. ఆ వెలుగు చీలిక యంత్రం పేరు స్లిట్ ల్యాంప్. స్వీడన్‌కు చెందిన ఆల్వార్ గుల్‌స్ట్రాండ్ దీన్ని 1911లో లోకానికి చూపించాడు. కంటిలో కాంతి ఎలా వంగుతుందో లెక్కగట్టినందుకు అదే ఏడాది ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నూరేళ్లు దాటిన ఆ యంత్రం పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) పల్లెలో రోజూ పనిచేస్తోంది. ఇంకో చిన్న సంగతి. మన ఒంట్లో రక్తనాళాలనూ మెదడుకు వెళ్లే నరాన్నీ చర్మం తెరవకుండా నేరుగా చూడగలిగిన చోటు కన్ను ఒక్కటే. అందుకే వెలుగుతో రోగాన్ని పసిగట్టే విద్య మిగతా అవయవాలకన్నా ముందు కంటి దగ్గర ముదిరింది.

అయితే ఈ జిల్లాకూ ఆ విద్యకూ ఉన్న బంధం యంత్రంతో మొదలవలేదు. లెక్కతో మొదలైంది. 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉమ్మడి రాష్ట్రంలో ఒక సర్వే చేసింది. పేరు ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల అధ్యయనం. ఎంచుకున్న చోట్లు నాలుగు: హైదరాబాద్ నగరం, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్. మొత్తం 94 సముదాయాల్లో 10,293 మందిని పరీక్షించారు. ఊరికే ఇల్లిల్లూ తిరిగి టార్చి వేసి చూసిన లెక్క కాదది. మనుషులను ప్రత్యేకంగా పెట్టిన క్లినిక్‌కు బండిలో తీసుకొచ్చి, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, వెనక పొర దాకా చూశారు. ఆ లెక్కలో నూటికి 1.84 మంది చూపులేనివాళ్లుగా తేలారు. అందులో 44 శాతం శుక్లం వల్ల, 16.3 శాతం కేవలం సరైన కళ్లద్దాలు లేక. అద్దాలు లేక గుడ్డివాడైన మనిషి! ఈ రెండో అంకె చదివిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది.

మహబూబ్‌నగర్ భాగానికి మూలస్థానం తూడుకుర్తి. నాగర్‌కర్నూలు మండలంలోని ఈ ఊరు 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక పటంలో వేరే జిల్లాకు మారింది. కానీ కంటి వైద్యుల పరిశోధన పత్రాల్లో ఇప్పటికీ మహబూబ్‌నగర్ తూడుకుర్తిగానే తిరుగుతోంది. పత్తి, వేరుశనగ, జొన్న పండే ఎర్రనేల ఊరి పేరు ప్రపంచ నేత్ర వైద్య పత్రికల్లో అచ్చవుతోందని ఆ ఊళ్లో ఎంతమందికి తెలుసో! అక్కడ ఆ సంస్థ గ్రామీణ కంటి కేంద్రాన్నీ నెలకొల్పింది. పదేళ్ల తరవాత ఒకసారి, 2012–16 మధ్య మరోసారి, మొదట చూసినవాళ్లనే వెతుక్కుంటూ వెళ్లారు. వెతకడమే అసలు కష్టం. పాలమూరు అంటేనే వలస. కొడుకు ముంబైలో, కోడలు పుణెలో, ముసలావిడ ఎవరింట్లోనో. మొదటి విడతలో పల్లెల్లో చూసిన 7,771 మందిలో రెండో విడతకు 5,447 మంది ఆచూకీ దొరికింది. పదేళ్లలో చనిపోయినవాళ్లు, ఊరు వదిలినవాళ్లు పోగా ఇంతమందిని పట్టుకోవడం మాటలు కాదు.

ఈ సర్వేలో అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన అంకె హైదరాబాద్ భాగంలో బయటపడింది. నీటికాసులు, అంటే గ్లకోమా, ఖాయంగా ఉన్నవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా తమకు ఆ జబ్బు ఉందని అంతవరకూ తెలియదు. నగరంలోనే ఆ పరిస్థితి.

ఎందుకు తెలియదో చెప్పాలంటే మహబూబ్‌నగర్ పట్నానికి ఆనుకుని ఉన్న పిల్లలమర్రి దగ్గరికి వెళ్లాలి. ఏడువందల ఏళ్ల చెట్టని చెబుతారు. మూడెకరాలకు పైగా ఊడలు దించి, ఏది మొదలో ఏది ఊడో తెలియకుండా నిలబడింది. 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. అప్పటిదాకా ఆకు పచ్చగానే ఉంది, నీడ చల్లగానే ఉంది. విరిగిన చోట చూస్తే లోపలంతా చెద. సందర్శకులను ఆపేశారు. మరుసటి ఏడాది చెట్టుకు సెలైన్ ఎక్కించినట్టు చెద మందు కలిపిన సీసాలు వందల కొద్దీ వేలాడదీశారు. ఆ ఫొటోలు అప్పట్లో దేశమంతా తిరిగాయి. చెట్టు బతికింది. పోయిన కొమ్మ పోయినట్టే.

నీటికాసులు కూడా ఆ చెదలాంటిదే. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరంలో పది పన్నెండు లక్షల పోగులు ఉంటాయి. కంటి లోపలి ఒత్తిడికి ఒక్కొక్కటే ఎండిపోతుంటే చాలామందికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ఎదురుగా ఉన్న అక్షరం బాగానే కనిపిస్తుంది. పక్క చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది. చూపు పరిధిని కొలిచే పరీక్షలో మచ్చ పడేసరికే పోగుల్లో పాతిక నుంచి నలభై శాతం దాకా పోయి ఉండొచ్చు. మా మేనమామ లారీ నడిపేవాడు. ఎడమ పక్కన బండి ఎప్పుడొచ్చిందో తెలియట్లేదని రెండేళ్లు అన్నాడు. ఆయన చూపించుకున్న చోట ప్రతిసారీ అద్దాలు మార్చి పంపారు. మూడో ఏట నరం చూసిన వైద్యుడు ఆయనతో ఏమీ అనలేదు. బయట కూర్చున్న మా అత్తను పిలిచి మాట్లాడాడు. మామ ఉన్న చూపును చుక్కల మందుతో కాపాడుకున్నాడు కానీ స్టీరింగు మళ్లీ పట్టలేదు.

ఆ నరపు పోగులను ఎండకముందే కొలవగలిగే యంత్రం కోసమే పాలమూరు నుంచి హైదరాబాద్ ప్రయాణం. నాగర్‌కర్నూలు నుంచి సుమారు 130 కిలోమీటర్లు. బంజారాహిల్స్‌లో ఎల్.వి.ప్రసాద్ సంస్థ 1987లో మొదలైంది. అమెరికాలో బోస్టన్, రోచెస్టర్‌లలో పనిచేసి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు పునాది వేస్తే, సినీ నిర్మాత, దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ కుటుంబం ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. జీవితమంతా వెలుగునూ కెమెరానూ నమ్ముకున్న మనిషి పేరు కంటి ఆస్పత్రికి పెట్టడం ఎంత అతికిందో చూడండి. ఆ ఆస్పత్రి ఒక మెట్ల వరుస గీసుకుంది. ఐదువేల మందికి ఇంటింటికీ తిరిగే ఒక కార్యకర్త, యాభైవేల మందికి పల్లెలో ఒక దృష్టి కేంద్రం, ఐదు లక్షల మందికి తూడుకుర్తిలాంటి ఆపరేషన్ కేంద్రం, యాభై లక్షల మందికి పెద్దాస్పత్రి, ఆ పైన బంజారాహిల్స్. మొదట చెప్పిన చీకటి గది ఇందులో రెండో మెట్టు.

పై మెట్టు మీద ఉండే యంత్రాన్ని ఆస్పత్రుల్లో అందరూ ఓసీటీ అనే పిలుస్తారు. ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ అన్న పూర్తి పేరు చీటీల్లో కూడా ఎవరూ రాయరు. నేనూ గడ్డం ఆనించి కూర్చున్నాను. లోపల చీకట్లో ఆకుపచ్చ గుర్తు ఒకటి కనిపిస్తుంది, దాన్నే చూస్తుండాలి. సన్నటి ఎర్రగీత ఒకటి కిందికీ పైకీ పాకుతుంది. కంటిని ఏదీ తాకదు, గాలి ఊదదు, సూది లేదు. రెండు మూడు సెకన్లకే "అయిపోయింది సార్" అన్నారు. నమ్మకం కలగక అలాగే కూర్చుండిపోయాను.

తెర మీద నా కన్ను నిలువుకోత కనిపించింది. కింద మెరిసే గట్టు, దాని మీద నలుపూ బూడిదరంగూ కలిసిన చారలు ఒకదానిపై ఒకటి. మధ్యలో చిన్న గుంత. బావి తవ్వేటప్పుడు గోడలో మట్టి పొర, మొరం పొర, రాతి పొర వరసగా కనిపిస్తాయే, అచ్చం అలా ఉంది. ఆ గుంతే మనం చదివేటప్పుడు, దారం సూదిలోకి ఎక్కించేటప్పుడు వాడే చోటు. అక్కడ కంటి వెనక పొర, అంటే రెటీనా, మొత్తం మందం సుమారు 250 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పావు వంతు. అంత పల్చటి రెటీనాలోని పది పొరలను యంత్రం విడదీసి చూపిస్తుంది. దాని చూపు ఐదు మైక్రాన్ల దాకా తెగుతుంది. మన తలవెంట్రుక మందం అందుకు పదింతలకు పైనే.

ఇదెలా సాధ్యమో తెలుసుకోవాలని మూడు రోజులు పట్టుబట్టి చదివాను. అల్ట్రాసౌండ్‌లో శబ్దాన్ని లోపలికి పంపి, అది తిరిగొచ్చే ఆలస్యాన్ని బట్టి లోతు కొలుస్తారు. శబ్దం నెమ్మది కనుక గడియారానికి దొరుకుతుంది. వెలుగు అలా దొరకదు. పది మైక్రాన్ల లోతుకు వెళ్లి రావడానికి దానికి పట్టే సమయం, సెకనును పది లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. దాన్ని లెక్కపెట్టే గడియారం లేదు. అందుకని ఉపాయం పన్నారు. వెలుగును రెండు పాయలు చేసి ఒకటి కంటిలోకి, రెండోది అద్దం మీదికి పంపుతారు. తిరిగొచ్చిన రెండు పాయలూ సమాన దూరం నడిచి ఉంటేనే కలిసినప్పుడు అలలు పెనవేసుకుని చారలు పడతాయి. ఒక పాయ వెంట్రుకవాసి ఎక్కువ నడిచినా చారలు పడవు. అద్దాన్ని జరుపుతూ పోతే ఏ లోతు నుంచి ఎంత వెలుగు తిరిగొచ్చిందో తేలిపోతుంది. చెరువులో ఒకేసారి రెండు రాళ్లు వేసి అలలు కలిసే చోటు చూసిన పిల్లలకు ఈ సంగతి సగం తెలిసినట్టే.

ఈ ఆలోచనను అమెరికాలోని ఎంఐటీలో ముగ్గురు ముడివేశారు. అప్పటికింకా విద్యార్థిగా ఉన్న డేవిడ్ హువాంగ్, లేజర్ నిపుణుడు జేమ్స్ ఫుజిమోటో, ఉపగ్రహాల మధ్య వెలుగుతో కబుర్లు పంపే పనిలో ఉన్న ఎరిక్ స్వాన్సన్. 1991 నవంబరులో సైన్స్ పత్రికలో వాళ్ల వ్యాసం అచ్చయింది. కంటి వెనక పొర, గుండె ధమని ముక్క అందులోని బొమ్మలు. ఐదేళ్లకు, 1996లో, యంత్రం బజారుకొచ్చింది. తొలి యంత్రాలు సెకనుకు వందల గీతలు గీసేవి. మనిషి కన్ను ఆడకుండా ఉండదు కదా, బొమ్మ వంకరపోయేది. తరవాత అద్దం జరిపే పని మానేసి, తిరిగొచ్చిన వెలుగును రంగులుగా విడదీసి ఒకేసారి అన్ని లోతులూ లెక్కగట్టడం నేర్చుకున్నారు. 2006 నుంచి వచ్చిన యంత్రాలు సెకనుకు పాతికవేలకు పైగా, ఇప్పటివి లక్షకు మించీ గీస్తాయి. ఆ ముగ్గురికీ 2023లో లాస్కర్ పురస్కారం దక్కింది.

నన్ను మరీ ఆశ్చర్యపరిచింది దీని తమ్ముడు, ఓసీటీ యాంజియోగ్రఫీ. పూర్వం కంటి రక్తనాళాలు చూడాలంటే చేతి నరానికి రంగుమందు ఎక్కించేవారు. కొందరికి వాంతులయ్యేవి. ఇప్పుడు ఒకే చోటును వరసగా పలుమార్లు తీసి, బొమ్మకూ బొమ్మకూ మధ్య ఏది మారిందో దాన్నే ఉంచి మిగతాది చెరిపేస్తారు. కదలని కండ, నరం పోతాయి. కదిలేది నెత్తురు మాత్రమే కనుక తెర మీద నాళాల వల ఒక్కటే మిగులుతుంది. వేసవిలో ఎండిన ఆకు ఈనెల్లా ఉంటుంది ఆ బొమ్మ. షుగర్ ముదిరినవాళ్లలో ఆ వల మధ్య చిల్లులు పడటం కనిపిస్తుంది. నాగేశ్వరరావు గారు వదిలి వచ్చిన రోచెస్టర్‌లోనే పదేళ్ల తరవాత, 1997లో, ఇంకో మెట్టు ఎక్కారు. నక్షత్రాలు మినుకుమనకుండా చూడటానికి ఖగోళవేత్తలు వాడే వంగే అద్దాలను కంటికి తిప్పి, బతికున్న మనిషి కంటిలో రంగులు చూసే కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. అది ఇంకా ఎక్కువగా ప్రయోగశాలలదే.

మన దగ్గరా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఓసీటీ బొమ్మలో రెటీనా కింద కోరాయిడ్ అనే రక్తనాళాల పరుపు ఉంటుంది. దాని అంచు మసకగా ఉండటంతో ఒకప్పుడు వైద్యులు మౌస్‌తో చేత్తో గీసి కొలిచేవారు. ఒక్కో కంటికి పదుల బొమ్మలు. ఆ పని కంప్యూటరే చేసేలా ఐఐటీ హైదరాబాద్, ఎల్.వి.ప్రసాద్ సంస్థ పరిశోధకులు కలిసి గత దశాబ్దంలో పద్ధతి తయారుచేశారు. ఐఐటీ కంది ప్రాంగణంలో లెక్క, బంజారాహిల్స్‌లో కన్ను.

ఇక నల్లగొండ. వెలుగుతో జబ్బును ముందే పట్టాల్సిన అవసరం ఆ జిల్లాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు నీళ్లలో ఫ్లోరైడ్. ఎముక వంగాక ఎక్స్‌రేలో కనిపిస్తుంది, అప్పటికి చేయగలిగింది తక్కువ. అంతకన్నా చాలా ముందే పిల్లల పంటి మీద సుద్ద రంగు మచ్చలు పడతాయి. అది పైపూత కాదు. పన్ను పైపొర గట్టిగానే ఉండి, దాని కింద ఎనామిల్ గుల్లబారుతుంది. ఆ సన్నటి రంధ్రాల్లో వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదన్న ఫ్లోరైడ్ ఆ పిల్లాడి ఒంట్లోకి ఎంత వెళ్లిందో పన్ను రాసి చూపిస్తుందన్నమాట. ఓసీటీతో ఎనామిల్ లోపలి ఆ గుల్లతనాన్ని కొలవడం ప్రయోగాల్లో సాధ్యమైంది, పల్లెకు రాలేదు. నిజం చెప్పాలంటే పళ్ల విషయంలో నాకు యంత్రం మీద పెద్ద ఆశ లేదు. అక్కడ ముందు కావాల్సింది మంచినీళ్లు. పటికా సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి లోకమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది. అలాంటి జిల్లా మిషన్ భగీరథ పైపు కోసం 2016 దాటేదాకా ఆగాల్సి వచ్చింది.

కంటి సంగతి వేరు. అక్కడ ముందే కనిపిస్తే చేయడానికి పని ఉంది. షుగర్‌తో రెటీనా ఉబ్బితే 250 మైక్రాన్లు ఉండాల్సింది 400 దాటుతుంది. ఇంజెక్షన్ వేసి నెల తరవాత మళ్లీ తీస్తే ఎంత దిగిందో అంకెలో తెలుస్తుంది. నీటికాసుల్లో నరపు పోగుల పొర మామూలుగా సగటున వంద మైక్రాన్లకు కాస్త అటూ ఇటూ. వయసుకు తగినట్టుంటే ఆకుపచ్చ, అనుమానమైతే పసుపు, పల్చబడితే ఎరుపు అని యంత్రం రంగు వేస్తుంది. కానీ ఎరుపు చూసి ఎవరూ బెంబేలు పడనక్కరలేదు. హ్రస్వదృష్టి ఎక్కువ ఉన్న కంటికీ, సరిగా తీయని బొమ్మకూ ఎరుపు రావచ్చు. యంత్రం కొలుస్తుంది, జబ్బేమిటో చెప్పాల్సింది వైద్యుడే. ఒక్క బొమ్మకన్నా ఏడాది తేడాతో తీసిన రెండు బొమ్మలే ఎక్కువ చెబుతాయి. అందుకే పాత కాగితాలు పారేయొద్దు.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. నాగర్‌కర్నూలు, కల్వకుర్తి వైపు నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌కు ఆర్టీసీ బస్సులు, మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడకు రైళ్లు ఉన్నాయి. ఎల్.వి.ప్రసాద్ సంస్థ బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2లో ఉంది. కట్టలేనివారికి అక్కడ ఉచిత వైద్యం ఉంది. ప్రభుత్వ కంటి ఆస్పత్రి కావాలంటే మెహదీపట్నంలో సరోజినీదేవి. అయితే నేరుగా హైదరాబాద్ పరుగెత్తకుండా ముందు దగ్గర్లోని దృష్టి కేంద్రంలో చూపించుకుంటే చాలామందికి ఆ ప్రయాణమే తప్పుతుంది. నలభై దాటినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, అన్నకో అమ్మకో నీటికాసులు ఉన్నవాళ్లు ఏడాదికొకసారి కంటి వెనక పొర చూపించుకోవాలి. చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది కనుక తోడు తీసుకెళ్లండి, బండి నడపొద్దు.

ఆ రోజు ఆ అవ్వకు శుక్లం ఒక్కటే కాదు, ఎడమ కంటి నరం మీద కూడా ఆ పిల్లకు అనుమానం వచ్చింది. చీటీ మీద రెండు గీతలు గీసి, ముందు తూడుకుర్తి, అక్కడినుంచి అవసరమైతే పట్నం అని రాసింది. అవ్వ చీటీని నాలుగు మడతలు పెట్టి తమలపాకుల సంచిలో వేసుకుంది. "బస్సు కిరాయి ఎంతయితది బిడ్డా?" అని అడిగింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడోళ్లకు బస్సులో టికెట్ లేదు కదా అవ్వా అంటే, "అయితే నా కోడల్ని గూడ తోల్కపోత, దానికీ తల నొస్తున్నదంటున్నది" అని లేచింది.